రెండు రోజులకే పదాలు మాయం!

ప్రశ్న: విదేశాల్లో పీజీ సీటు కోసం రాసే జీఆర్‌ఈ పరీక్షకు పెద్ద పెద్ద ఇంగ్లిష్ పదాలకు అర్థాలు బట్టీ పడుతున్నా, రెండు రోజులకే మర్చిపోతున్నా. టెన్షన్‌గా ఉంది, ఏం చేయాలి?
– ఇంజినీరింగ్ విద్యార్థిని, తిరుపతి

జవాబు: ముందు ఆ బట్టీ ఆపండి. వ్యతిరేక పదాల ప్రశ్నలు 2011లోనే తీసేశారు, ఇప్పుడు వాక్యంలో ఖాళీ ఇచ్చి అక్కడ ఏ పదం అతుకుతుందో అడుగుతున్నారు కాబట్టి అర్థం ఒక్కటే తెలిస్తే చాలదు, వాడుక తెలియాలి. పదాల్ని కుటుంబాలుగా పట్టుకోండి. లాటిన్‌లో 'లొక్వి' అంటే మాట్లాడటం. అనర్గళంగా మాట్లాడితే ఎలక్వెంట్, నాటకంలో స్వగతం సొలిలొక్వి, వాగుడుకాయ అయితే లొక్వేషస్. అలిపిరి బస్సెక్కింది మొదలు రైల్వేస్టేషన్‌లో దిగేదాకా ఫోన్ వదలని మనిషి కనిపిస్తే, ఆయన మీద మనసులోనే ఓ ఇంగ్లిష్ వాక్యం కట్టేయండి (పైకి అనకండి!), ఇక ఆ పదం మిమ్మల్ని వదలదు.

నేర్చుకున్నవి మర్నాడు, మూడో రోజు, వారానికి మళ్లీ చూడాలి, అదీ అర్థం మూసేసి గుర్తు తెచ్చుకుంటూ. ఊరికే చదివితే వచ్చేసినట్టే ఉంటుంది, అంతే.

శబ్దాన్ని బట్టి మాత్రం ఊహించొద్దు. ఎనర్వేట్ అంటే ఎనర్జీ ఇవ్వడం అనుకుంటారు చాలామంది, నిజానికి అది నీరసపరచడం.