తర్వాత ఏ పాట వస్తుందో తెలియకూడదు

చిన్నా,

ఉభయకుశలోపరి. హార్డ్ డిస్క్‌లో 8,000 పాటలున్నా తిప్పితిప్పి ఆ నలభై పాటలే వింటున్నానని మొన్న ఫోన్లో అన్నావు. పాటకి నాలుగున్నర నిమిషాల చొప్పున లెక్కేశాను, 600 గంటలు. రోజుకో గంట విన్నా 20 నెలలు పడుతుంది. కాబట్టి వెతికి వినడం మానెయ్. వెతకాలంటే ముందు గుర్తుండాలి, గుర్తున్నవి ఎలాగూ ఆ నలభయ్యే.

మా చిన్నప్పుడు ఈ బాధ లేదు. రేడియోలో జనరంజని పెట్టుకుంటే తర్వాత ఏమొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. అనౌన్సరు సినిమా పేరు, రాసినవారు, పాడినవారు చెబుతుంటే ఏ పాటో మేం ముందే చెప్పెయ్యాలని పోటీ పడేవాళ్లం. నచ్చని పాట వచ్చినా లేచి వెళ్లేవాళ్లం కాదు, దాని వెనక ఏముందో అన్న ఆశతో. నీకు కావలసింది అలాంటి వినడం.

ముందు డూప్లికేట్లు తీసెయ్. ఒకే పాట ‘ఘంటసాల హిట్స్’లో, ‘పాత మెలోడీలు’లో, నువ్వు కాపీ చేసుకున్న ఇంకో రెండు ఫోల్డర్లలో ఉంటే లాటరీలో ఒకే మనిషి నాలుగు టికెట్లు కొన్నట్టే. ఎప్పుడూ అదే తగులుతుంది. పేర్లు చూసి పోల్చకు. సుశీల గారి పేరే ఇంగ్లిషులో మూడు రకాలుగా రాసి ఉంటుంది. నిడివి చూడు. అర నిమిషం తేడా ఉంటే మాత్రం రెండూ ఉంచుకో. పాత 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డు ఒక వైపు మూడు నిమిషాలు దాటి ఎంతో పట్టేది కాదు, సినిమాలో ఉన్న చరణం అందులో లేకపోవచ్చు.

ఇక షఫుల్. కొన్ని ప్లేయర్లు ప్రతిసారీ మొత్తం కుప్పలోంచి కొత్తగా తీస్తాయి. అలాగైతే 8,000 పాటలున్నా సుమారు నూట ఆరు పాటలు వినేలోపే ఏదో ఒకటి మళ్లీ వచ్చే అవకాశం సగానికి సగం. ‘మళ్లీ ఇదేనా’ అని విసుగు పుట్టేది అక్కడే. నేను కంప్యూటర్లో ఫూబార్2000 అనే ప్లేయర్‌లో అన్నిటినీ ఒక్కసారి ర్యాండమైజ్ చేసి, ఆ వరసని ప్లేలిస్టుగా సేవ్ చేసుకున్నాను. నిన్న ఎక్కడ ఆపానో ఇవాళ అక్కడ మొదలుపెడతాను. పాటలన్నిటి శబ్దాన్నీ ఒకే స్థాయికి తెచ్చే రీప్లేగెయిన్ కూడా ఆన్ చేసుకో. లేకపోతే నిన్నగాక మొన్నటి మాస్ పాట చెవులు చిల్లులు పొడిచాక 1950ల పాట వినబడీ వినబడనట్టు ఉంటుంది, పాపం దాన్నే దాటేస్తావు.

దాటెయ్యడం సంగతి గట్టిగా చెబుతున్నాను. మొదటి చరణం అయ్యేదాకా చెయ్యి ఫోన్ మీదకి పోకూడదు. పల్లవి విని తీర్పు చెప్పకు. ఆగిపోయి విన్న పాట ఏదైనా తగిలితే తేదీ వేసి పుస్తకంలో రాసుకో. నాకు ఇప్పటికి మూడు నోటుబుక్కులయ్యాయి.

శబ్దం బాగాలేదని, పేరు లేదని ఏ ఫైలూ వినకుండా డిలీట్ చెయ్యకు. క్యాసెట్ల నుంచి ఎక్కించినవి నేను అలాగే తీసెయ్యబోయాను. ఒకరోజు వంటింట్లో గోరుచిక్కుళ్లు తుంచుతుంటే ‘ట్రాక్ 07’ అని ఒకటి వచ్చింది. గరగర, గరగర. 1983లో రేడియో ముందు అరువు తెచ్చిన టేప్ రికార్డర్ పెట్టి పట్టిన పాట అది. రెండో చరణం మధ్యలో ఒక చిన్నపిల్ల గొంతు: “అన్నయ్యా, నా రిబ్బను కనబడట్లేదు, బడికి టైమైపోయింది!” మీ అమ్మ! నెల రోజులు కాపు కాసి పట్టుకున్న పాట పాడుచేసిందని ఆ రోజు దాన్ని ఏడిపించాను. ఇప్పుడు ఆ ముక్క కోసం పాటని నాలుగుసార్లు వెనక్కి తిప్పాను. చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి పంపుతున్నాను. ఇంకో యాభై పాటల మధ్య ఉంది, పేర్లన్నీ అంకెలే. వెతక్కుండా మొత్తం నీ 8,000లో కలిపెయ్. అమ్మ మీ ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ ప్లేలిస్టే పెట్టు. అది వచ్చిన రోజు ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మావయ్య