హెచ్ఐవీ వల్ల మతిమరుపు వస్తుందా? మా బాబాయ్ సంగతి చెప్తా

"అన్నయ్య హెచ్ఐవీ మందులు మానేసి రెండేళ్ళయింది, ఈమధ్య అన్నీ మర్చిపోతున్నాడు, పిలిస్తే ఎప్పటికో పలుకుతున్నాడు, దానివల్లేనా" అని అడిగారు కదా. అయ్యుండొచ్చండి. మా బాబాయ్‌కి ఇట్టాగే అయింది.

బాబాయ్ చిలకలూరిపేటలో టైలర్. ఒంట్లో బానే ఉందని ఏఆర్టీ బిళ్ళలు, అదే హెచ్ఐవీని అణిచిపెట్టే మందులు, మానేశాడు, మాకెవరికీ చెప్పలా. కొన్నాళ్ళకి ఆది జాకెట్టు కొలవడం, రాసుకునేలోపు మర్చిపోవడం, మళ్ళీ కొలవడం. కాజాలు కుట్టడానికి వేళ్ళు సహకరించేవి కాదు. పిన్నేమో తాగుతున్నాడనుకుంది, మేం దిగులు పెట్టుకున్నాడనుకున్నాం. మతిమరుపంటే మనుషుల్ని మర్చిపోవడమే అనుకుంటాం గానీ ఇందులో ముందు కనపడేది నిదానం, మాటలో నడకలో చేతుల్లో, మనల్ని మాత్రం గుర్తుపడుతూనే ఉంటారు, అందుకే జబ్బని తట్టదు.

ఏఆర్టీ సెంటర్లో డాక్టరమ్మ నాలుగు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంది, బొటనవేలు చూపుడువేలు టకటకా ఆనించమంది, తర్వాత టేబుల్ మీద ముందు పిడికిలి, తర్వాత అరచెయ్యి, తర్వాత చెయ్యి పక్కకి నిలబెట్టి, ఇట్టా వరసగా చెయ్యమంది. ముప్పయ్యేళ్ళు మిషన్ తొక్కిన మనిషి రెండోసారికే పిడికిలి దగ్గర ఆగిపోయాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆవిడ చెప్పిందేంటంటే వైరస్ నరాల కణాల్లోకి నేరుగా దూరదంట, తెల్లరక్తకణాల్లో దాక్కుని మెదడుకి చేరి అక్కడ కాపలా కాసే కణాల్ని పట్టుకుంటే అవి వదిలే విషాలకీ వాపుకీ పక్కనున్న నరాల కణాలు దెబ్బతింటాయంట.

కాకపోతే సీడీ4 (జబ్బుల్ని ఎదుర్కొనే తెల్లరక్తకణాల లెక్క) పడిపోయినోళ్ళకి మెదడు టీబీ, ఫంగస్ ఇన్ఫెక్షన్ వచ్చినా ఇట్టాగే ఉంటుంది, బీ12 తగ్గినా, థైరాయిడ్ ఉన్నా అంతే. బాబాయ్‌కి స్కానింగ్ తీసి వెన్నులో నీరు కూడా పరీక్ష చేశాకే తేల్చారు. అందుకని ఇంట్లో పాత డబ్బా ఉంది కదా అని మీరే బిళ్ళలు మొదలెట్టించొద్దు, లోపల ఆ ఇన్ఫెక్షన్ ఉంటే ముందు దానికి వైద్యం చేసి, కొన్ని వారాలాగి ఏఆర్టీ ఇవ్వాల్సిరావచ్చు. తలనొప్పి, జ్వరం, వాంతులు, ఫిట్స్ ఏమున్నా ఇవాళే తీసుకెళ్ళండి. గవర్నమెంటు సెంటర్లలో మందులు 2004 నుంచి ఫ్రీనే, ఎక్కడికెళ్ళాలో తెలీకపోతే 1097కి ఫోన్ చేయండి, అదీ ఫ్రీనే.

బాబాయ్‌కి మందులు పడ్డ ఆర్నెల్లకి మాట తేలికైంది, నడక బాగుపడింది. జాకెట్లు మాత్రం మళ్ళీ చేతకాలేదు, ఇప్పుడు చీరలకి ఫాల్స్, దిండు గలీబులు కుడుతున్నాడు. రాత్రి బిళ్ళ పిన్నే చేతిలో పెట్టి, మింగేదాకా గ్లాసు పట్టుకుని నిలబడుద్ది.