బీరువాలో ఉన్న పంప్ డాలస్‌కు తీసుకుపోవాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా బిడ్డ డాలస్‌లో ఉంటుంది, ఇప్పుడు ఏడో నెల. కాన్పుకు తోడుగా వచ్చే నెల నేను పోతున్నాను. రెండేళ్ల కింద నల్లగొండలో కోడలి కాన్పు అయినప్పుడు 6 వేలు పెట్టి పాలు తీసే కరెంటు పంప్ కొన్నాం. ఇన్సూరెన్స్‌కు బిల్లు పెడితే ఆ 6 వేలు కోసేశారు. ఆ పంప్ బీరువాలోనే ఉంది. బిడ్డకు తీసుకుపోదామంటే ‘వద్దమ్మా, ఇక్కడ ఇన్సూరెన్స్ వాళ్లే ఇస్తారంట’ అంటోంది. నిజమేనా? అక్కడ ఇచ్చేది ఇక్కడ ఎందుకియ్యరు? కోడలికి కూడా ఇప్పుడు ఐదో నెల.

జవాబు: అక్కా, మీ బిడ్డ చెప్పింది నిజమే. 2010లో అమెరికాలో అఫర్డబుల్ కేర్ యాక్ట్ వచ్చింది. ఆ చట్టం కింద 2012 ఆగస్టు నుంచి అక్కడి ఇన్సూరెన్స్ ప్లాన్లు చాలావరకు పాల పంప్ ఖర్చు భరించాలి. కొత్తది ఇస్తారా, అద్దెకు ఇస్తారా, చేతితో నొక్కేదా, కరెంటుదా అన్నది ప్లాన్‌ను బట్టి ఉంటుంది. చట్టం రాకముందు నుంచి పెద్దగా మారకుండా నడుస్తున్న పాత ప్లాన్లకు, కొద్ది నెలలకని తీసుకునే షార్ట్ టర్మ్ ప్లాన్లకు ఈ నియమం లేదు. కాబట్టి మీ బిడ్డది ఉద్యోగం ద్వారా వచ్చిన ప్లానా, వేరేదా అన్నది ముందు తేల్చుకోవాలి.

కానీ అడగకుండా పంప్ ఇంటికి రాదు. ఇన్సూరెన్స్ కార్డు వెనక నంబరు ఉంటుంది. ఈ వారమే ఫోన్ చేయమనండి. ఏ సప్లయర్ దగ్గర తీసుకోవాలి, ఏ మోడల్‌కు చేతి నుంచి డబ్బు పడదు, కాన్పుకు ముందే పంపిస్తారా తర్వాతా, డాక్టర్ ప్రిస్క్రిప్షన్ కావాలా, ఇవన్నీ అడగాలి. జవాబు చెప్పిన మనిషి పేరు, తారీఖు రాసి పెట్టుకోవాలి. తొందరపడి షాపులో కొనేసి తర్వాత బిల్లు పెడదామనుకోవద్దు. వాళ్ల నెట్‌వర్క్‌లో లేని చోట కొంటే డబ్బు తిరిగి రాకపోవచ్చు. ఒకవేళ పసిబిడ్డ నెలలు నిండకుండా పుట్టి ఆస్పత్రిలోనే ఉంటే, ఆస్పత్రుల్లో వాడే పెద్ద పంప్‌ను అద్దెకు ఇప్పించమని డాక్టర్‌తో రాయించాలి. కాదంటే అప్పీల్ ఉంది. తిరస్కరించిన లెటర్ అందాక 180 రోజుల టైమ్ ఉంటుంది.

ఇక మన దగ్గరి సంగతి. నేను పదకొండేళ్లు నల్లగొండలో ఒక ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో కూర్చున్నాను. ఈ బాధ అంతకుముందే నాకు తెలుసు. నా రెండోవాడు ఎనిమిదో నెలలోనే మహబూబ్‌నగర్‌లో పుట్టాడు. వాణ్ణి బాక్సులో పెట్టారు, నన్నేమో వార్డులో ఉంచారు. మా ఆయన మెడికల్ షాపుకు ఉరికి పంప్ తెచ్చాడు. ఆ బిల్లు కూడా మీ బిల్లులాగే వాపస్ వచ్చింది. అప్పుడు ఏడ్చాను. డెస్క్‌లో కూర్చున్నాకే కారణం తెలిసింది. పాలసీలో విడిగా రాసి ఉంటే తప్ప కంపెనీలు కట్టనక్కర్లేని 68 వస్తువుల జాబితా ఒకటి ఉంది, ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ ఇచ్చింది. అందులో మొదటి రెండు ‘బేబీ ఫుడ్’, ‘బేబీ యుటిలిటీస్’. పంప్‌ను, పాలసీసాను అందులోకే తోస్తారు. తల్లిపాలు ఆ పసికందుకు మందుకన్నా తక్కువేం కాదు, దాన్ని దువ్వెన, పౌడర్ లెక్కలో కట్టడం నాకు ఈనాటికీ మింగుడుపడదు. అయినా కంపెనీలు పట్టుకునేది ఆ జాబితానే. ఆ 6 వేల కోసం తిరగొద్దని అందుకే చెబుతున్నాను.

తిరగాల్సింది వేరేదాని కోసం. కోడలి పాలసీ ఇప్పుడే తీసి చూడండి. కాన్పు ఖర్చుకు వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక ఆగాల్సిన కాలం, అయిపోయిందా? పుట్టిన బిడ్డకు మొదటి రోజు నుంచే కవర్ ఉందా, లేక 90 రోజుల తర్వాతా? కొడుకు ఆఫీసు గ్రూప్ పాలసీ అయితే చాలావాటిల్లో మొదటి రోజు నుంచే ఉంటుంది. కాకపోతే బిడ్డ పుట్టగానే హెచ్ఆర్‌కు చెప్పి పేరు చేర్పించాలి. బాక్సులో పెట్టిన బిడ్డ బిల్లు లక్షల్లోకి పోతుంది, అసలు డబ్బు అక్కడుంది. అది అన్యాయంగా ఆపితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలో తేల్చకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయండి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ఇంకో మాట. మొదటి రెండు మూడు రోజులు పంప్ కన్నా చెయ్యే నయం. ముర్రుపాలు చిక్కగా, కొద్దిగా వస్తాయి, పంప్‌లో పెడితే గొట్టానికే అంటుకుని పోతాయి. నాకు ఒక పెద్ద స్టాఫ్ నర్సమ్మ పక్కన కూర్చుని చేత్తో తీయడం నేర్పింది. ఉడకబెట్టిన చిన్న స్టీలు గిన్నెలోకి, రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా. వాడికి మొదట పట్టింది ఆ చుక్కలే. మీ కోడలికి కూడా నేర్పమని ఆస్పత్రిలో గట్టిగా అడగండి. బిడ్డ పక్కనే ఉండి బాగా తాగుతుంటే పంప్ అవసరమే రాకపోవచ్చు.

బీరువాలో ఉన్న పంప్ డాలస్‌కు మాత్రం వద్దు. ఇళ్లల్లో వాడే పంప్‌లు ఒక్క తల్లి కోసమే చేసినవి, ఒకరు వాడింది ఇంకొకరు వాడొద్దు. పైగా మన కరెంటు 230 వోల్టులు, అక్కడ 120. అడాప్టర్ మీద 100-240 అని లేకపోతే అక్కడ సరిగ్గా పనిచేయదు. అది మీ కోడలిదే కదా, ఆమెకే ఉంచండి. ఇప్పుడే తీసి ఆన్ చేసి చూడండి. రెండేళ్లకు రబ్బరు వాల్వులు సాగిపోయి లాగుడు తగ్గి ఉండొచ్చు. ఆ కంపెనీ వాల్వులు, గొట్టాలు మాత్రం కొత్తవి తెప్పించి, పాలు తగిలే భాగాలను డబ్బా మీద రాసినట్టు ఉడకబెట్టి ఆరబెట్టండి. మీరు డాలస్ పోయేలోపే ఈ పని చేసి, ఎలా కడగాలో కోడలికి ఒకసారి చూపించి పోండి.