ఇల్లు కట్టుకునేవారి ప్రశ్నలు: రేగడి నేల, మండుటెండ, కాంక్రీటు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నల్లరేగడిలో పునాదుల గురించీ, ఎండాకాలం స్లాబుల గురించీ. ఒకే రకం ప్రశ్నలను కలిపి, వాటికి కాస్త వివరంగానే జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న (నరసరావుపేట): మా 200 గజాల స్థలమంతా నల్లరేగడి. ఎండాకాలంలో చెయ్యి దూరేంత బీటలు పడతాయి. కింద, పైన రెండు అంతస్తులు కట్టాలి. అయిదడుగులు తవ్వి, బెడ్ (అడుగున పల్చటి కాంక్రీటు పొర) వేసి ఫుటింగ్ (పిల్లరు కింద వెడల్పాటి కాంక్రీటు దిమ్మె) పోస్తే చాలని మేస్త్రి అంటున్నారు. సరిపోతుందా?

జవాబు: గుంట తవ్వి చూడకుండా ఎవరూ ఆ మాట చెప్పలేరు. జేసీబీతో స్థలంలో రెండు చోట్ల పదీ పన్నెండు అడుగుల లోతు తీయించి, ఏ లోతులో మట్టి రంగు మారుతోందో పైనుంచే చూడండి. గుంటలోకి మాత్రం ఎవరినీ దించొద్దు. రేగడి గోడ గట్టిగా కనిపిస్తూనే ఒక్కసారిగా కూలుతుంది.

తీసిన మట్టిని ల్యాబుకి పంపితే అది ఎంత ఉబ్బుతుందో తేలుతుంది. ఆ పరీక్ష తేలికైనదే. ఆరబెట్టి సన్న జల్లెడ పట్టిన మట్టిని పదేసి గ్రాముల చొప్పున రెండు కొలత గొట్టాల్లో వేసి, ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరోసిన్ 100 మిల్లీలీటర్ల దాకా పోసి ఒక రోజు కదపకుండా ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. అందులో అది 10 గీత దగ్గరుండి, నీళ్లలో 18 గీతకి చేరితే ఉబ్బు 80 శాతం అన్నట్టు. 50 దాటితే చాలా ఎక్కువ ఉబ్బే నేల కిందే లెక్క.

అయిదారు అడుగుల్లోనే మొరం (గట్టి గులక మట్టి) తగిలితే మీ అదృష్టం. నల్లమట్టిని పూర్తిగా దాటి, మొరంలోకి కనీసం ఒక అడుగు దిగి ఫుటింగ్ వేయండి. రేగడి ఇంకా లోతుకి ఉంటే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన అండర్ రీమ్డ్ పైల్స్ మంచి దారి. 30 సెంటీమీటర్ల వ్యాసంతో, కనీసం మూడున్నర మీటర్ల లోతుకి బోరు వేసి, అడుగున గుమ్మడికాయలా 75 సెంటీమీటర్లకు వెడల్పు చేసి, ఇనుప బోను దించి కాంక్రీటు నింపుతారు. ఎండకీ వానకీ నేల ఉబ్బి కుంచించుకుపోయేది ప్రధానంగా పై పొరల్లోనే. ఇంటి బరువును పైలు ఆ పొరల కిందికి దించుతుంది, అడుగున ఉన్న గుమ్మడికాయ లాంటి భాగం పైలు పైకి లేవకుండా పట్టి ఉంచుతుంది. పైలు లోతు, ఇనుము ఎంతన్నది మాత్రం డిజైన్ ఇంజినీరు లెక్క ప్రకారమే పోవాలి.

పైల్స్ బాగా వేసి కూడా చాలామంది ఒక్కచోట తప్పు చేస్తారు. పైల్స్ మీద వచ్చే ప్లింత్ బీము (గోడలను మోసే కాంక్రీటు దూలం) అడుగుకీ నేలకీ మధ్య కనీసం 80 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఎందుకు వదిలారో తెలియని కూలీలు ఆ ఖాళీలో మట్టి కూరేస్తారు. మొదటి వానాకాలంలో ఆ మట్టి ఉబ్బి బీమును కిందినుంచి ఎత్తుతుంది, గోడ చీలుతుంది. బీము అడుగు పలకల్ని పోత గట్టిపడ్డాక తప్పకుండా లాగించేయండి. బయటి మట్టి జారి లోపల పడకుండా వెలుపలివైపు నాపరాళ్లు నిలబెట్టండి. బేస్‌మెంట్ (ఇంటి గచ్చు కింది భాగం) నింపే రోజు మీరే వంగి, టార్చి వేసి చూసుకోండి.

మరో పద్ధతి కూడా ఉంది. రేగడిని మీటరు లోతు తీసేసి ఉబ్బని మొరంతో నింపి, దానిమీద కట్టడం. ఆర్.కె. కట్టి అనే బొంబాయి ఐఐటీ ఆచార్యులు చూపిన సూత్రం ఇది. మొరాన్ని 15 సెంటీమీటర్ల పొరలుగా పరిచి, తడిపి, దిమ్మిస కొట్టాలి, లేదా చిన్న రోలరు తిప్పాలి. మొరం బదులు ఇసుక వద్దు. చుట్టూ రేగడి, మధ్యలో ఇసుక ఉంటే వాన నీరంతా అందులోకే చేరుతుంది. పునాది కింద తొట్టి కట్టుకున్నట్టే. తవ్వి తీసిన నల్లమట్టిని తిరిగి బేస్‌మెంట్లో పోయించడం ఇంకా పెద్ద తప్పు. రెండేళ్లకి హాలు మధ్యలో టైల్స్ పైకి లేస్తాయి.

ప్రశ్న (నంద్యాల): మే నెలలో ఉదయం పదకొండింటికి స్లాబు మొదలుపెట్టాం. మూడు గంటలకల్లా పైన వెంట్రుకల్లా బీటలు కనిపించాయి. సిమెంటు మంచిది కాదంటున్నారు. నిజమేనా? సెంట్రింగ్ (స్లాబు కింది పలకలు, బాదులు) ఎప్పుడు విప్పాలి?

జవాబు: సిమెంటును అనుమానించే ముందు పోసిన వేళను చూడండి. కాంక్రీటు పోశాక లోపలి నీరు కొంత పైకి తేలుతుంది. ఎండా వడగాలీ ఆ నీటిని అది తేలే వేగం కన్నా త్వరగా లాగేస్తే పై పొర బిగుసుకుని చీలుతుంది. గాలి లేని 40 డిగ్రీల రోజుకన్నా, పొడి గాలి వీచే 36 డిగ్రీల రోజే ఒక్కోసారి ఎక్కువ చెడు చేస్తుంది. కాంక్రీటు ఇంకా మెత్తగా ఉండగా బీట కనిపిస్తే చెక్క తాపీతో గట్టిగా అదిమి మళ్లీ రుద్దితే మూసుకుపోతుంది. మీది ఇప్పటికే గట్టిపడింది కాబట్టి, సన్నవాటిలోకి పల్చటి సిమెంటు పాలు బ్రష్షుతో ఎక్కించండి. స్లాబు అడుగు దాకా దిగినవి, నీళ్లు కారుతున్నవి ఉంటే ఎపాక్సీ (బీటల్లోకి ఎక్కించే గట్టి జిగురు) పని తెలిసినవారిని పిలవాలి.

తర్వాతి పోతకి ఇలా చేయండి. సాయంత్రం అయిదు తర్వాత గానీ, తెల్లవారుజామున గానీ మొదలుపెట్టండి. కంకర కుప్పని ముందు రాత్రే తడిపి ఉంచండి. నీళ్ల డ్రమ్ములు నీడలో పెట్టి తడి గోనెలు కప్పండి. మిల్లర్‌లో (కాంక్రీటు కలిపే యంత్రంలో) పడే సరుకుల్లో త్వరగా చల్లబరచగలిగేది నీళ్లే. పోసే ముందు సెంట్రింగ్‌నీ, చెయ్యి పెడితే కాలే చువ్వల్నీ తడపండి. అయితే అడుగున నీళ్లు నిలవకూడదు. పోసేటప్పుడు కాంక్రీటు వేడి 40 డిగ్రీలు దాటకూడదని భారతీయ ప్రమాణం.

అన్నిటికన్నా ముఖ్యం నీళ్ల కొలత. 40, 35, 25 సెంటీమీటర్ల కొలతలతో డబ్బా చేయిస్తే 35 లీటర్లు పడుతుంది. ఒక సిమెంటు బస్తాకి సరిగ్గా అంతే. ఎం20 రకం కాంక్రీటుకి బస్తాకి ఒకటిన్నర డబ్బా ఇసుక, మూడు డబ్బాల 20 ఎం.ఎం. కంకర. నీళ్లు బస్తాకి 30 లీటర్లకు మించకూడదు, ఇసుకలోని తడి కూడా ఆ లెక్కలోదే. ఒకటిన్నర డబ్బా ఇసుక సుమారు 80 కిలోలు. చేత్తో పిడికిలి పడితే ముద్దకట్టే ఇసుకలో అయిదు శాతం తడి ఉందనుకున్నా నాలుగు లీటర్లు అందులోనే ఉన్నట్టు. అప్పుడు మీరు పోయాల్సింది 26. ఎండకి మాలు బిగుసుకుంటోందని మిల్లర్ మనిషి బకెట్టెత్తి ఇంకో పది లీటర్లు పోస్తే, దాదాపు మూడో వంతు బలం ఆ బకెట్టుతోనే పోతుంది. మాలు జారాలంటే సిమెంటుకి తగిన ప్లాస్టిసైజరును డబ్బా మీద రాసిన మోతాదులో కలపండి. బకెట్టు దగ్గర మాత్రం మీ మనిషి ఒకరు నిలబడాలి. చాలా పోతలు అక్కడే చెడతాయి.

పైన రుద్దడం పూర్తయిన చోటల్లా వెంటనే ప్లాస్టిక్ పట్టా కప్పుతూ పోండి. మర్నాడు పొద్దున్నే మళ్లు కట్టి రెండంగుళాల నీళ్లు నిలపండి. వేడి వాతావరణంలో కనీసం పది రోజులు తడి ఆరకూడదు. పీపీసీ (బూడిద కలిసిన) సిమెంటయితే 14 రోజులు. ఎండిన స్లాబు మీద మిట్టమధ్యాహ్నం చల్లటి నీళ్లు చిమ్మడం కన్నా, ఎప్పుడూ ఆరనివ్వకపోవడం మేలు. మనవాళ్లు స్లాబుని చూసుకుంటారు గానీ పిల్లర్లని మరిచిపోతారు. వాటికి గోనెలు చుట్టి రోజుకి నాలుగైదుసార్లు తడపాలి.

సెంట్రింగ్ విషయానికొస్తే, ఓపీసీ (బూడిద కలపని మామూలు) సిమెంటయితే గోడకీ గోడకీ మధ్య నాలుగున్నర మీటర్ల లోపు ఉన్న స్లాబుకి ఆధారాలు (బాదులు) 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. బీములకి ఆరు మీటర్ల లోపు 14, దాటితే 21. పీపీసీకి ఇంకొన్ని రోజులు ఆగండి, బాదులకి అద్దె పెరుగుతోందని తొందరపడకండి.

ప్రశ్న (ఆదిలాబాద్): పన్నెండేళ్ల ఇల్లు. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీటలు. ఎండాకాలంలో తెరుచుకుని వానాకాలంలో మూసుకుంటాయి. వానలు పడితే వెనక తలుపు పట్టేస్తుంది. ప్రతి ఏడూ సిమెంటు పూస్తున్నాం.

జవాబు: పూయడం ఆపండి. మేలో తెరిచి ఉన్న బీటలో గట్టి సిమెంటు నింపితే, ఆగస్టులో గోడ మూసుకోవడానికి చోటు లేక పక్కన ఇంకో బీట పెడుతుంది. ముందు ఏడాది పాటు బీటకి రెండు పక్కలా పెన్సిల్ గీతలు గీసి, నెలకోసారి దూరం కొలిచి తేదీతో గోడ మీదే రాయండి. ఈలోగా తలుపు పట్టేసే మూలన నీరెక్కడిదో వెతకండి. సాధారణంగా దొరికేవి ఇవే: పునాదిని ఆనుకున్న ఇంకుడు గుంట, లీకయ్యే సెప్టిక్ ట్యాంకు పైపు, డాబా నీళ్లు గోడ పక్కనే పడే తూము, గోడకి దగ్గరగా ఎదిగిన చెట్టు. చెట్టు ఎండాకాలంలో ఆ మూల మట్టిలోని తడినంతా పీల్చేస్తుంది. పెరిగితే ఎంత ఎత్తవుతుందో అంత దూరంలో నాటాల్సినది అది.

ఇవి సరిచేశాక ఇంటి చుట్టూ రెండు మీటర్ల వెడల్పున చప్టా వేయండి. రేగడి మీద 15 సెంటీమీటర్ల మొరం దిమ్మిసతో గట్టి చేసి, పైన ప్లాస్టిక్ పట్టా పరిచి, 10 సెంటీమీటర్ల కాంక్రీటు. గోడ దగ్గరి నుంచి బయటి అంచుకి ఆరేడు సెంటీమీటర్ల వాలు. గోడకీ చప్టాకీ మధ్య 12 మిల్లీమీటర్ల సందు వదిలి తారు నింపండి, లేకపోతే నీళ్లు సరిగ్గా అక్కడే దిగుతాయి. ప్రతి రెండు మీటర్లకీ ఒక జాయింటు ఇవ్వండి. చప్టా తర్వాత ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచి కొలతలు మారకపోతే అప్పుడు బీటలు పూడ్చండి.

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్): ఇక్కడ ఇల్లు కొన్నాం. ఎండాకాలమంతా పునాది చుట్టూ నీళ్లు పెట్టమని పక్కింటివాళ్లు చెబుతున్నారు. గుంటూరులో మా నాన్నగారేమో పునాది దగ్గర నీళ్లు చేరనివ్వొద్దంటారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరిదీ. డల్లాస్ చుట్టూ ఉన్నదీ మన రేగడి లాంటి ఉబ్బే నల్లమట్టే. అక్కడ చాలా ఇళ్లకి ఇల్లంత ఒకే స్లాబు నేల మీదే పోసి, లోపలి ఉక్కు తీగల్ని బిగిస్తారు. ఆగస్టులో స్లాబు అంచుల కింద మట్టి ఎండి కుంగుతుంది, మధ్యలో తడి అలాగే ఉంటుంది. అందుకే అంచులు వాలి గోడలు చీలతాయి. మీకు కావల్సింది ఏడాదంతా ఒకే రకం తడి, అంతేగానీ బురద కాదు. పునాదికి అడుగు నుంచి అడుగున్నర దూరంలో సన్న చిల్లుల గొట్టం వేసి నెమ్మదిగా తడపండి. అంతకన్నా దగ్గరగా పెడితే నీళ్లు ఎండు బీటల్లోంచి నేరుగా పునాది కిందికి పోతాయి. వాన పడితే కట్టేయండి. వాననీరు నిలవకుండా మొదటి పదడుగుల్లో ఆరంగుళాల వాలు బయటికి ఉండాలి, మీ నాన్నగారు చెప్పేది ఇదే. ఒక హెచ్చరిక: ఆ స్లాబులో డ్రిల్లు వేయాలన్నా, కోయాలన్నా ముందు తీగలు ఎక్కడున్నాయో స్కాన్ చేయించండి. ఒక్కో తీగ పది టన్నులకు పైగా లాగుడులో ఉంటుంది, తెగితే ప్రాణం మీదికి వస్తుంది.

ప్రశ్న (మార్కాపురం): మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. వెయ్యి చదరపుటడుగుల స్లాబుకి వాడొచ్చా?

జవాబు: లీటరు నీటిలో క్లోరైడ్లు 500 మిల్లీగ్రాములు, సల్ఫేట్లు 400 మిల్లీగ్రాములు దాటితే ఇనుమున్న కాంక్రీటుకి వద్దు. టీడీఎస్ మీటరు మొత్తం ఎంత ఉప్పుందో ఒక అంచనా చెబుతుంది గానీ ఏ ఉప్పో చెప్పదు, ల్యాబులో చేయించండి. పరీక్షలో తప్పితే టాంకరు నీళ్లు తెప్పించుకోండి. అయిదంగుళాల మందాన మీ స్లాబుకి సుమారు 95 బస్తాలు, బస్తాకి 27 లీటర్ల చొప్పున 2,600 లీటర్ల లోపే. పోశాక స్లాబుని తడిపి ఉంచే క్యూరింగ్‌కీ ఉప్పునీళ్లు వద్దు. మళ్లలో నీళ్లు ఆవిరైన కొద్దీ ఉప్పు స్లాబు మీదే పేరుకుంటుంది. మంచినీళ్లకి కటకటగా ఉంటే మళ్లు కట్టకండి. తడి గోనెలు పరిచి, గాలి దూరకుండా పైన ప్లాస్టిక్ పట్టా కప్పి అంచుల్లో ఇటుకలు పెట్టండి. రోజూ పొద్దున పట్టా ఎత్తి గోనె తాకి చూడండి, చేతికి తడి తగలకపోతే మళ్లీ తడపండి.