గువ్వపిల్ల నోట్లో ఏమీ పోయకు

చిన్నీ,

ఏసీ డబ్బా మీంచి పడ్డ గువ్వపిల్లను చెప్పుల పెట్టెలో పెట్టి పెంచబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మనింట్లో నాలాంటిది ఇంకొకతి ఉందని మురిసిపోయాను. ఆ వెంటనే గుండె దడ.

దాని నోట్లో పాలు పోయకు. నీళ్లు కూడా పోయకు.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. అనంతపురం దగ్గర మా చేను గట్టున బొంతజెముడు కంచె ఉండేది. అందులో ఓ గువ్వ నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా పేర్చి గూడనిపించుకుంది. కిందనుంచి చూస్తే సందుల్లోంచి రెండు తెల్లటి గుడ్లూ కనబడేవి. అదేం గూడో! పిల్లలయ్యాక ఒకటి కింద పడింది. ఒంటినిండా పసుపుపచ్చ నూగు, మొహాన్ని మించిన ముక్కు. పావడలో పెట్టుకుని తెచ్చి, దీపం వత్తిని ఆవుపాలలో ముంచి దాని నోట్లో పిండాను. రెండోసారి పిండేసరికి ముక్కులోంచి బుడగలు. నా అరచేతిలోనే మెడ వాల్చేసింది.

గువ్వపిల్ల కాకిపిల్లలా నోరు తెరిచి అడగదట. తన ముక్కునే తల్లి నోట్లో దూర్చి తాగుతుంది. తండ్రి నోట్లో కూడా. ఇద్దరి మెడ తిత్తిలోనూ పెరుగు ముద్దలాంటి పాలు ఊరతాయి. మనం పోసేది ఊపిరి గొట్టంలోకి పోతుంది. పెళ్లయ్యాక ఎప్పుడో తెలిసింది నాకిదంతా.

ఆ సాయంత్రం కంచె మీద ఒకటే కూత, గూ... గుగుగుగూ అని. అది మగగువ్వ జోడును పిలవడమేనని మీ తాతయ్య పుస్తకం తెరిచి మరీ చూపించారు. నిజమే కావచ్చు. మిట్టమధ్యాహ్నం వినబడితే నాకిప్పటికీ చేతిలో పని ఆగిపోతుంది.

సరే, నీ సంగతి. ఈకలొచ్చి నిలబడుతోందంటే ఎగరడం నేర్చుకుంటోందన్నమాట. పూలకుండీలో పెట్టి తలుపేసుకో. ఈకల్లేకపోతే గూట్లోనే పెట్టు. గూడు చెదిరితే పూలసజ్జలో ఎండుపుల్లలు పరిచి అక్కడే కట్టు. మనిషి తాకితే తల్లి రాదన్నది ఒట్టిమాట. గుడ్డు పెట్టింది మొదలు ఎగిరిపోయేదాకా మహా అయితే నెల్లాళ్ల ముచ్చట. అన్నట్టు, అడవిపక్షిని పెంచుకోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం తప్పు. మీ నాన్న బెదిరించకముందే నేనే చెబుతున్నా.

పిల్లిని మాత్రం బాల్కనీలోకి రానీకు. చీకటిపడేలోగా పెద్దగువ్వలేవీ రాకపోతే పక్షుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు, డబ్బులు నేను పంపుతా. ఆ పెట్టెకి కనీసం చిల్లులైనా పెట్టావా, మొద్దూ? రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోన్ చెయ్యి. నాకెలాగూ నిద్ర పట్టదు.

మీ అమ్మమ్మ