సీఎంఎల్‌లో ఇమాటినిబ్ పట్టు ఎందుకు తప్పుతుంది? తర్వాతి మందులు ఏం చేస్తాయి?

దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్, అంటే సీఎంఎల్‌లో, 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై బీసీఆర్-ఏబీఎల్1 అనే జన్యువు ఏర్పడుతుంది. దాని నుంచి వచ్చే ఎంజైమ్ కణాలను ఆపకుండా విభజింపజేస్తుంది. ఎంజైమ్‌లో ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) అతుక్కునే గుంటను మూసేసే మందు ఇమాటినిబ్. అమెరికాలో 2001లో దీనికి అనుమతి వచ్చింది.

మూడో నెలకు రక్తంలో బీసీఆర్-ఏబీఎల్1 అంతర్జాతీయ కొలమానంలో 10 శాతానికి, ఏడాదికి 0.1 శాతానికి దిగాలి. ఏడాది దాటినా 1 శాతం పైనే ఉంటే చికిత్స విఫలమైనట్టే. అప్పుడు ముందుగా మాత్రలు రోజూ వేసుకుంటున్నారా అని తేల్చుకోవాలి. తరచూ డోసులు తప్పడమే పెద్ద కారణం. క్షయకు వాడే రిఫాంపిసిన్ లాంటి మందులు కూడా ఇమాటినిబ్‌ను కాలేయంలో త్వరగా విరిచేస్తాయి.

ఇవేవీ కాకపోతే మ్యుటేషన్ పరీక్ష, అంటే ఆ జన్యువులో మార్పు వచ్చిందా అని చూడడం తప్పనిసరి. అన్నిటికన్నా మొండిది టీ315ఐ. ఇందులో ఎంజైమ్‌లోని 315వ స్థానంలో థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లం బదులు ఐసోల్యూసిన్ వస్తుంది. మందును పట్టి ఉంచే హైడ్రోజన్ బంధం పోతుంది, పైగా ఐసోల్యూసిన్ గొలుసు దారికి అడ్డం పడుతుంది. ఇమాటినిబ్ తర్వాత వచ్చిన డాసాటినిబ్, నిలోటినిబ్ కూడా ఇక్కడ పనిచేయవు. పోనాటినిబ్ నిర్మాణం ఆ అడ్డును తప్పించుకునేలా ఉంటుంది, కానీ రక్తనాళాలు మూసుకుపోయే ప్రమాదం ఉంది కాబట్టి గుండెజబ్బు ఉన్నవారికి చాలా జాగ్రత్తగా ఇవ్వాలి. అసలైన మలుపు అసిమినిబ్ అని నా అభిప్రాయం. ఇది ఏటీపీ గుంటను వదిలేసి, ఎంజైమ్‌లో వేరే చోట ఉన్న మిరిస్టాయిల్ గుంటలో కూర్చుని దాన్ని నిద్రాణ స్థితిలో బంధిస్తుంది. టీ315ఐ ఉంటే మాత్రం మోతాదు ఎక్కువ: రోజుకు రెండుసార్లు 200 మిల్లీగ్రాములు. మామూలుగా రోజు మొత్తానికి 80 సరిపోతుంది.