వాగులో టీఎన్‌టీ: ముందు చూడాల్సింది అడుగు రాళ్లను

ప్రశ్న: అమెరికాలో చట్టనూగా దగ్గరి టీఎన్‌టీ (బాంబుల్లో వాడే పేలుడు పదార్థం) ఫ్యాక్టరీ వ్యర్థాల గురించి ప్రాజెక్టు కోసం చదువుతున్నాను. బయటికొచ్చే నీళ్లు తేటగా ఉంటే ప్రమాదం లేనట్టేనా? నీటి జీవుల లెక్క తీయడం మా కూవం నదిలో నేర్చుకోవచ్చా?
- ఎం.ఎస్సీ. విద్యార్థిని, విల్లివాక్కం, చెన్నై

జవాబు: తేటదనాన్ని నమ్మకండి. బాంబుల్లో టీఎన్‌టీ నింపే షెడ్లు కడిగిన నీళ్లకు మొదట రంగుండదు. ఎండ తగిలాక గులాబీ రంగుకు తిరుగుతాయి. లీటరు నీళ్లలో టీఎన్‌టీ సుమారు 100 మిల్లీగ్రాములు కరుగుతుంది. కొన్ని రకాల చేపల్లో నాలుగు రోజుల్లో సగం చావడానికి లీటరుకు 2, 3 మిల్లీగ్రాములు చాలు. వాగులో కలిసి పలచబడ్డాక చేపలు బతకవచ్చు, పక్కకు తప్పుకోనూవచ్చు. రాళ్లను అంటిపెట్టుకున్న పురుగులకు ఆ వీలు లేదు. అందుకే లెక్క అక్కడ తీయాలి.

వ్యర్థం కలిసే చోటికి ఎగువన ఒక చోటు, దిగువన మూడు చోట్లు ఎంచుకోండి. లోతు, వడి, రాళ్ల సైజు అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. చాలా ప్రాజెక్టులు చెడేది ఇక్కడే: ఎగువన రాళ్లు, దిగువన బురద తీసుకుని, తేడా అంతా టీఎన్‌టీ మీదికి తోసేస్తారు. అర మిల్లీమీటరు కన్నున్న వలను ప్రవాహానికి అడ్డంగా పట్టి, దాని ముందున్న రాళ్లను కాలితో మూడు నిమిషాలు కదపండి. ప్రతి చోటా అంతే సేపు. దొరికినవాటిని 70 శాతం ఆల్కహాల్‌లో వేయండి. మొత్తం సంఖ్య తగ్గకపోవచ్చు, రకాలు తగ్గాయేమో చూడండి. కాలుష్యాన్ని అంతగా తట్టుకోలేని కీటకాల పిల్లలు, అంటే మూడు తోకల మేఫ్లై పిల్లలు, ఇసుక గూళ్లలో ఉండే కాడిస్ పురుగులు ఉన్నాయా అన్నది ముఖ్యం.

పీహెచ్ (నీటి ఆమ్లత), నైట్రేట్ కూడా కొలవాలి. టీఎన్‌టీ తయారీలో వాడే నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలే పురుగులను చంపగలవు. సున్నం వేసి ఆమ్లతను సరిచేసినా నైట్రేట్ మిగిలి, రాళ్లమీద పాచి దట్టమవుతుంది.

నీటి నమూనాను ముదురు గోధుమరంగు గాజు సీసాలో పట్టి, 4 డిగ్రీల చల్లదనంలో ఉంచి, 7 రోజుల్లోపు ఎక్స్‌ట్రాక్షన్ (నీటి నుంచి టీఎన్‌టీని వేరుచేయడం) చేయించండి. రంగులేని సీసాలో పడితే వెలుగుకు టీఎన్‌టీ విరిగిపోతుంది, రిపోర్టులో 'లేదు' అని వస్తుంది. దాన్నుంచి పుట్టే ట్రైనైట్రోబెంజీన్‌నూ, బురదలో ఏర్పడే అమినో డైనైట్రోటొల్యూన్‌లనూ కొలవమని ల్యాబ్‌కు ముందే చెప్పండి.

సిటీలో కూవం ఈ పనికి రాదు. మురుగుతో ఆక్సిజన్ పడిపోయిన చోట పోల్చడానికి సున్నితమైన పురుగులేవి? దొరికేవల్లా మురుగును తట్టుకునే ఎర్ర కైరోనమిడ్‌లు (దోమల్లాంటి ఈగల పిల్లలు), ట్యూబిఫెక్స్ (సన్నటి ఎర్ర పురుగులు) లాంటివే. అవి కావాలంటే కొళత్తూరు అక్వేరియం షాపుల్లో చేపల మేతగా అమ్ముతారు! చేయి తిరగడానికి తడ దగ్గరి ఉబ్బలమడుగు వాగు మేలు. అటవీశాఖ అనుమతి ముందే తీసుకోండి.